యజమాని లేని రికార్డులు

ప్రాజెక్టుకు ఎంపిక కాని ఫ్రేమ్‌వర్కు మీద ఉద్యోగి గడిపిన సంవత్సరాలను అతని దగ్గర్నుంచి తీసుకుని, ఎర్రగుడ్డలో మూటగట్టి, మూడో అంతస్తులోని కాల విభాగంలో భద్రపరచడం మొదలై నాలుగేళ్లు దాటింది కాబట్టి, రాష్ట్ర అంతర్జాల సేవల సంస్థలో దాని గురించి ఇప్పుడెవరూ పెద్దగా మాట్లాడుకోవడం లేదు. కొత్తలో కొందరు గొడవ చేశారు. ఒకాయన హైకోర్టుకు వెళ్తానన్నాడు. ఎందుకు వెళ్లాలనుకున్నాడో వారం తిరిగేసరికి ఆయనకే గుర్తులేకపోవడంతో ఆ సంగతి అక్కడితో ఆగిపోయింది.

ఫ్రేమ్‌వర్కు అంటే వెబ్‌సైటు కట్టేవాళ్లకు ముందే తయారుగా దొరికే చట్రం. తలుపులు, కిటికీలు, మెట్లు అందులోనే ఉంటాయి. మనం గోడలు లేపుకుని రంగు వేసుకుంటే చాలు. ఇవి ఏటా పుడతాయి, ఏటా పోతాయి. పాతది తలలో పెట్టుకున్న మనిషికి కొత్తది ఎక్కడం లేదని నిపుణుల సంఘం ఒకటి తేల్చింది. పాత విద్యను మాత్రం విడిగా తీసేద్దామని చూస్తే కుదరలేదు. నేర్చుకుంటున్న రోజుల్లో మనిషి తిన్నదీ నవ్విందీ ఏడ్చిందీ అంతా దానికి అతుక్కునే వస్తోందట. అందుకని సంవత్సరాలకు సంవత్సరాలే తీసుకోవాలని నిర్ణయించారు. ఆ సంవత్సరాల గురించి తర్వాత తలచుకున్నవీ మాట్లాడుకున్నవీ కూడా వాటితోపాటే పోతాయి. దీనివల్ల ఉద్యోగి సీనియారిటీకి, పదోన్నతికి ఎలాంటి భంగం కలగదని ఉత్తర్వు చివరి పేరాలో స్పష్టంగా రాశారు. మనవాళ్లకు అంతకన్నా ఏం కావాలి?

ఇనుగుర్తి భిక్షపతి ఆ సంస్థలో సీనియర్ డెవలపరు. జనగామ దగ్గరి మనిషి, నలభై రెండేళ్లు, ఎవరితోనూ పేచీ పెట్టుకోడు. అతని దగ్గర్నుంచి రెండేళ్ల కింద ఒకసారి ఎనిమిది నెలలు తీసుకున్నారు. ఇంట్లో తమిళ బాలశిక్ష ఒకటి ఉంది, అందులో అతని చేతిరాతతోనే అక్షరాలు దిద్ది ఉన్నాయి. బహుశా ఆ ఎనిమిది నెలలు చెన్నైలో ఉండి ఉంటాడు. తీసుకునేటప్పుడు నొప్పి లేదు, తర్వాత లోటూ లేదు. పోయినట్టు కూడా తెలియకపోవడమే అతనికి అప్పుడప్పుడు భయం కలిగించేది.

రోజూ తొమ్మిదిన్నరకు సంస్థలో నిలబడి చేసే సమావేశం ఒకటుంది. కూర్చుంటే మాటలు సాగుతాయని నిలబెడతారు. డైరెక్టరు సీతామహాలక్ష్మి మేడం ఒక్కొక్కరినీ మూడు ప్రశ్నలు అడుగుతుంది. నిన్న ఏం చేశారు, ఈరోజు ఏం చేస్తారు, అడ్డంకులేమైనా ఉన్నాయా. మొదటి రెండింటికీ మనిషికో జవాబు ఉంటుంది. మూడోదానికి మాత్రం సంస్థ పుట్టినప్పటి నుంచి అందరిదీ ఒకటే జవాబు.

ఆ సంవత్సరం వచ్చిన ప్రాజెక్టు, బస్సుల్లో ప్రయాణికులు మరిచిపోయిన వస్తువుల నమోదు పోర్టల్. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, కళ్లజోళ్లు, ఒకసారి ఒక హార్మోనియం. దొరికిన ప్రతి వస్తువునూ డిపోవాళ్లు అందులో రాయాలి, పోగొట్టుకున్నవాళ్లు వెతుక్కోవాలి. దీన్ని కట్టడానికి రెండు ఫ్రేమ్‌వర్కులు పోటీకొచ్చాయి. ఒకటి ఫెర్నిక్స్, పాతది, నెమ్మది, నమ్మకమైనది. రెండోది జోరా, చురుకైనది, నెలకోసారి తన పద్ధతులు తనే మార్చుకునేది. ఏది ఎంపిక కాకపోతే అది వచ్చే నెల ఒకటో తారీకు నుంచి కాలం చెల్లినట్టు లెక్క. రెండూ తెలిసినవాడు భిక్షపతి ఒక్కడే కావడంతో పోలిక పట్టిక తయారుచేసే పని అతని మెడకు చుట్టుకుంది.

పని చేతికొచ్చిన రోజు అతను పట్టిక తెరిచి, ఒక్క గడి కూడా నింపకుండా మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. ఫెర్నిక్స్ అతను నేర్చుకుంది 2012లో. 2016 చివరిదాకా దాని మీదే బతికాడు. అతని కొడుకు నందు పుట్టింది 2012 సెప్టెంబరులో. విషజ్వరం వచ్చి వాడు పోయింది 2016 మార్చిలో. మూడున్నరేళ్లు. ఆ పిల్లవాడు ఈ భూమ్మీద ఉన్న కాలమంతా ఫెర్నిక్స్‌లోనే ఉంది. బతికున్న మనిషైతే పోయిన సంవత్సరాలు పోయినా రేపు మళ్లీ కనిపిస్తాడు, పేరడిగి తెలుసుకోవచ్చు. నందుకు మళ్లీ కనిపించే అవకాశం లేదు. వాడికి తండ్రి తల తప్ప, తల్లి తల తప్ప వేరే ఇల్లు లేదు.

జోరా సంగతి అలా కాదు. అది అతను నేర్చుకున్నది 2017లో, మాదాపూర్‌లో ఒక కంపెనీలో, ఏడాదిన్నర. ఆ ఏడాదిన్నరలో అతను పొద్దున లేచాడు, పని చేశాడు, ఇంటికొచ్చాడు, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భార్య స్వరూప వంటింట్లో ఏడ్చేది, ఇతను బాత్రూములో ఏడ్చేవాడు. ఆ ఏడాదిన్నరను మూటగట్టి తీసుకుపోతామంటే దండం పెట్టి ఇచ్చేస్తాడు. కాబట్టి ఫెర్నిక్స్ గెలవాలి, జోరా పోవాలి. పట్టికలో ఇంకేం రాసినా అసలు విషయం ఇదే.

రెంటిలోనూ చిన్న నమూనా పేజీలు కట్టి పరీక్షించమన్నారు. పరీక్షకు ఏదో ఒక వస్తువు నమోదు చేయాలి. భిక్షపతి వేళ్లు వాటంతటవే కొట్టాయి. "బూటు ఒకటి. ఎడమకాలిది. నీలం రంగు, పక్కన ఏనుగు బొమ్మ. మూడేళ్ల పిల్లవాడిది. జనగామ నుంచి ఉప్పల్ వచ్చే బస్సు, ఆగస్టు 2015. పోగొట్టుకున్నవారు: ఇ. భిక్షపతి." ఆ రోజు నందు ఒళ్లో నిద్రపోతుండగా బూటు ఎప్పుడు జారిపోయిందో చూసుకోలేదు. ఉప్పల్‌లో దిగాక వాడు మిగిలిన ఒక్క బూటుతో, ఒంటికాలి మీద గెంతుతూ, బస్టాండు ఆ చివరి నుంచి ఈ చివరికి నవ్వుకుంటూ తిరిగాడు. భిక్షపతి ఆ బూటు కోసం డిపోకు మూడుసార్లు వెళ్లాడు. చెప్పులు, బూట్లు రిజిస్టర్లో ఎక్కించే పద్ధతి లేదన్నారు. ఇప్పుడు రాయించే పోర్టల్ తన చేతుల మీదుగా వస్తోందని అతనికి లోలోపల చిన్న సంతోషం ఉండేది.

పట్టికలో వేగం, భద్రత, నేర్చుకునే సులువు, సహాయం దొరకడం అని నాలుగు వరుసలు. నాలుగింటిలోనూ జోరా ముందుంది. భిక్షపతి రెండు రోజులు తల పట్టుకుని, అయిదో వరుస ఒకటి చేర్చాడు. "డిపోల్లోని పాత కంప్యూటర్లలో తెరుచుకోవడం." దానికి మిగతా నాలుగింటికన్నా ఎక్కువ మార్కులు పెట్టాడు. అబద్ధమేం కాదు. డిపోల్లో కంప్యూటర్లు నిజంగానే పాతవి, జోరా వాటిలో తెరుచుకునేలోపు ప్రయాణికుడు ఇంకో బస్సెక్కి వెళ్లిపోతాడు. నిజమే అయినా ఆ వరుసను రెండుసార్లు చెరిపి మళ్లీ రాశాడు.

ఎంపిక సంఘంలో మిగతావాళ్లు ఎప్పటిలాగే అన్నిటికీ పదికి ఏడు వేశారు. ఆరు వేస్తే ఎవరికి కోపమొస్తుందో, ఎనిమిది వేస్తే ఎందుకని ఎవరడుగుతారో అని ఆ సంస్థలో ఏడు వేయడం మర్యాద. కాబట్టి ఫలితం భిక్షపతి వేసిన అంకెల మీదే తేలింది. ఫెర్నిక్స్ డెబ్బై ఒకటి, జోరా అరవై ఎనిమిది.

జోరా తరఫున మాట్లాడింది పక్క కుర్చీ లోవరాజు ఒక్కడే. కాకినాడ కుర్రాడు, ముప్పై మూడేళ్లు. క్యాంటీనులో టీ పట్టుకుని దగ్గరికొచ్చాడు.

"గురువుగారూ, మరీ అంత చిన్నచూపేంటండి జోరా అంటే? నాకున్నదంతా అదేనండి. మా ఆవిణ్ణి చూసిందీ, వెంటపడిందీ, పెళ్లాడిందీ అంతా జోరా చేస్తున్న రోజుల్లోనేనండి."

భిక్షపతి తన టీ పక్కన పెట్టాడు. "ఏమనుకోకు లోవరాజూ. డిపో కంప్యూటర్లు పాతయి," అన్నాడు.

"అనుకోడానికేముందిలెండి. ఇంటికెళ్తే ఆవిడెలాగూ ఉంటాది కదండి. మళ్లీ వెంటపడతాను."

అతను నవ్వాడు. భిక్షపతి నవ్వలేదు. ఒకరి పెళ్లి తీసి తన కొడుకు మీద కప్పుతున్నానని తెలుసు. తెలిసే చేశాడు. ఇప్పుడైనా వెనక్కి తీసుకుంటావా అని ఎవరైనా అడిగితే తీసుకోనని చెప్పేవాడు. ఎవరూ అడగలేదు.

ఫెర్నిక్స్‌ను ఎంపిక చేస్తూ మేడం సంతకం పెట్టిన సాయంత్రం అతను ఇంటికి మల్లెపూలు తీసుకెళ్లాడు. స్వరూప తలుపు తీసి, "ఏంది నందు డాడీ, ఇయ్యాల ఏం పండుగ?" అంది. కొడుకు పోయి తొమ్మిదేళ్లైనా, ఆ తర్వాత కూతురు మైత్రి పుట్టి ఆరేళ్లు నిండినా, ఆమె భర్తను పిలిచే పిలుపు మారలేదు. మారుస్తుందని అతనూ ఎప్పుడూ అనుకోలేదు.

నాలుగో రోజు నోటీసు వచ్చింది. "ఇ. భిక్షపతి, సీనియర్ డెవలపరు. ఫ్రేమ్‌వర్కు: జోరా. స్వాధీనం చేయవలసిన కాలం: జూన్ 2012 నుంచి ఆగస్టు 2018 వరకు. ఆరు సంవత్సరాల రెండు నెలలు."

అతను దాన్ని మూడుసార్లు చదివి, మూడో అంతస్తుకు మెట్లెక్కి పరుగెత్తాడు. కాల విభాగంలో రేకు అల్మారాలు, వాటిలో పేర్చిన ఎర్ర మూటలు, వాటి మధ్యన ఒక బల్ల, బల్ల వెనక అమీరుద్దీన్ సాబ్. వచ్చే ఏడు రిటైరయ్యే పెద్దమనిషి. ఇతరుల సంవత్సరాలను దుమ్ము దులిపి పెట్టడంలో ఆయన చూపే శ్రద్ధ ఆ భవనంలో ఇంకెవరూ దేని మీదా చూపరు.

"సాబ్, తప్పు పడ్డది. నేను జోరా చేసింది ఏడాదిన్నరే."

"కూసోండి, కూసోండి." ఆయన సర్వీసు రిజిస్టరు తీసి, భిక్షపతి ఉద్యోగంలో చేరేటప్పుడు ఇచ్చిన రెజ్యూమె అంటించి ఉన్న పేజీ తెరిచాడు. "ఈడ చూడండి. జోరాల ఆరేండ్ల రెండు నెలల అనుభవం. కింద దస్కత్ మీదే కదా?"

భిక్షపతి వంగి చూశాడు. సంతకం తనదే.

2018లో ఈ ఉద్యోగానికి ఆరేళ్ల జోరా అనుభవం కావాలన్నారు. అప్పటికి మార్కెట్లో ఫెర్నిక్స్ పేరెత్తితే నవ్వేవాళ్లు. కోచింగు సెంటర్లో రెజ్యూమెలు దిద్దిపెట్టే మనిషి ఒకడు మిర్చిబజ్జీ తింటూ, "అందరూ గిట్లనే పెడ్తరన్నా. ఫెర్నిక్స్ అని ఉన్న కాడల్లా జోరా అని కొట్టు, అయిపాయె," అన్నాడు. భిక్షపతి అదే చేశాడు. పాత మాట వెతికి కొత్త మాట పెట్టమని కంప్యూటరుకు చెప్పాడు. ఏడు చోట్ల మార్చానని అది చెప్పింది. అంతకన్నా సులువైన పని తన జీవితంలో ఇంకోటి చేసి ఉండడు. అసలు అది అబద్ధమని కూడా అతనికి తోచలేదు. ఆ ఊళ్లో రెజ్యూమెకు సంవత్సరాలు కలపడం కూరలో ఉప్పు వేయడంలాంటిది.

"సాబ్, అది ఊకె పెట్టిందే. మీకెర్కలేదా, అందరు పెట్టేదే."

"నాకెర్కనే." ఆయన గొంతు తగ్గించాడు. "కానీ రికార్డుల ఏమున్నదో అదే తీస్కోవాలె మేం. తప్పయితే సవరణ దరఖాస్తు పెట్టుకోండి, ఫారం ఇస్త. పెట్టుకుంటే రెజ్యూమె జూటా అని ఒప్పుకున్నట్టు. రెజ్యూమె జూటా అయితే దాంతోని వచ్చిన నౌకరీ జూటా. నౌకరీ పోదు, ఫికర్ చేయకండి. ఆ నౌకరీల గడిపిన కాలం మాత్రం అక్రమం కిందికి వస్తది. ఆగస్టు 2018 నుంచి ఇయ్యాల్టి దాంక మొత్తం తీస్కుంటం. ఏదో ఒకటి. పది దినాల టైముంది."

మైత్రి పుట్టింది 2019 జనవరిలో. భిక్షపతి ఆ ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తన చేత్తో తనే పట్టిక రాసి, తనే మార్కులు వేసి, తన కొడుకును తనే ఓడించాడు. ఇంత తెలివితక్కువ పని చేసినవాడు ఆ భవనంలో ఇంకొకడు ఉండడనుకున్నాడు గాని, ఆ వారం అదే పని మీద మూడో అంతస్తుకు వచ్చినవాళ్లు పద్నాలుగు మంది.

ఆదివారం మధ్యాహ్నం మైత్రి కింద పిల్లలతో ఆడుకుంటుండగా అతను ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. చేతికి వేరే పద్ధతి అలవాటు లేదు, అందుకని పట్టికే గీశాడు. ఒక వరుసకు 2012–18 అని, రెండో వరుసకు 2018–25 అని పేర్లు పెట్టాడు. ఏ అంశాల మీద పోల్చాలో తెలియక పక్క గడులు ఖాళీగా వదిలేశాడు. స్వరూప చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"ఏం రాస్తున్నవ్?"

అతను చెప్పాడు. నోటీసు, రెజ్యూమె, ఫారం, పది రోజులు. ఆమె అంతా విని ల్యాప్‌టాప్ మూసేసింది.

"మార్కులేస్తవా ఇద్దరికి?"

"లేదు స్వరూపా. నాకేం తోస్తలేదు."

"నాకు తోస్తున్నది." ఆమె గొంతు గట్టిగానే ఉంది, చేతులు మాత్రం కొంగును వదలడం లేదు. "మైత్రిని రేపు పొద్దుగాల బడికాడ దింపేటోడు కావాలె. అది డాడీ అని ఉరికొస్తే నువ్వు ఎవల పిల్ల అని చూస్తే, అది సచ్చిపోతది. నందుగానికి గా బాధ లేదు. వాడు నా కాడ ఉంటడు."

"ఒక్కదానివే ఎట్ల మోస్తవే?"

"తొమ్మిదేండ్లు ఇద్దరం మోసినం. ఇగ నేను మోస్త."

అప్పుడు ఏడ్చింది. భిక్షపతి కూడా ఏడ్చాడు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని ఏడవడం వాళ్లకు అదే మొదటిసారి.

ఉద్యోగం మానేసేవాడు పోయేముందు తనకు తెలిసిన పనంతా తర్వాతి మనిషికి చెప్పి పోవాలి. సంస్థలో దాన్ని కేటీ అంటారు, పెద్దా చిన్నా అందరూ చేస్తారు. మిగిలిన ఎనిమిది రోజులూ భిక్షపతి సాయంత్రం ఆరింటికల్లా ఇల్లు చేరి స్వరూపకు కేటీ ఇచ్చాడు. కాగితం మీద రాస్తే అదీ మూటలో కలుపుతారని నిబంధనల్లో ఉంది కాబట్టి నోటితోనే చెప్పాడు. ఇద్దరికీ తెలిసినవి పక్కన పెట్టి, తను ఒక్కడే ఉండగా జరిగినవి వెతికి వెతికి చెప్పాడు. మంగలి షాపులో కుర్చీ ఎత్తు పెంచితే నందు తను పెద్దవాడైపోయాననుకుని "ఇగ నేను బడికి పోను" అనడం. స్కూటరు ముందు నిలబడి ప్రతి స్పీడ్‌బ్రేకరుకూ నమస్తే పెట్టడం. ఆసుపత్రిలో ఆఖరి రోజు, స్వరూప మందుల కోసం కిందికి వెళ్లినప్పుడు, "డాడీ, నా ఏనుగు బూటు దొరికిందా?" అని అడగడం.

"నువ్వేమన్నవ్?" అని స్వరూప అడిగింది.

"దొరికింది బిడ్డా, ఇంట్ల ఉన్నదన్న."

ఆమె ఆ మాట రెండుసార్లు తనలో తను అనుకుని, తల ఊపింది. అంతా అప్పజెప్పాననే అతను అనుకున్నాడు. నమూనా పేజీలో రాసిన బూటు సంగతి మాత్రం అతనికి గుర్తు రాలేదు.

పదో రోజు ఉదయం అమీరుద్దీన్ సాబ్ కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు. "పది నిమిషాలు చూస్కోవచ్చు. అందరు చూస్కుంటరు," అని, తను గోడ వైపు తిరిగి అల్మారా సర్దుకోవడం మొదలుపెట్టాడు. భిక్షపతి కళ్లు మూసుకున్నాడు. చూసుకోవలసినవి చాలా ఉన్నా అతను ఉప్పల్ బస్టాండులోనే ఉండిపోయాడు. పిల్లవాడు ఒంటికాలి మీద గెంతుకుంటూ పోయి, ఒక స్తంభాన్ని తాకి, వెనక్కి తిరిగి, నాన్న చూస్తున్నాడా లేదా అని చూసి, మళ్లీ గెంతుకుంటూ వచ్చాడు. నాన్న చూస్తూనే ఉన్నాడు.

తర్వాత వేలిముద్ర వేశాడు. మెట్లు దిగుతుంటే ఒళ్లు తేలిగ్గా అనిపించింది. పొద్దున ఏమీ తినలేదేమో, ఆకలి వేసింది. క్యాంటీనుకు వెళ్లి ఉప్మా తిన్నాడు.

అదే వారం లోవరాజు మిఠాయి డబ్బా పట్టుకుని అందరి బల్లల దగ్గరికీ తిరిగాడు. "నాకు పెళ్లైపోయిందంటండి! మా ఇంట్లో ఉన్నావిడ నా భార్యేనంటండి. మంచావిడండి బాబూ, నాకేం కూరంటే ఇష్టమో అన్నీ తెలుసండి ఆవిడికి." భిక్షపతి ఒక కాజా తీసుకుని శుభాకాంక్షలు చెప్పాడు. లోవరాజు కళ్లలోకి మాత్రం చూడలేకపోయాడు, ఎందుకో తనకే తెలియలేదు.

వేలిముద్ర వేసిన రోజు సాయంత్రం స్వరూప అలవాటుగా వంటింట్లోంచి "నందు డాడీ!" అని పిలిచింది. అతను పేపరు చదువుకుంటున్నాడు. మళ్లీ పిలిచింది. పక్కింటివాళ్లనేమో అనుకుని అతను పేజీ తిప్పాడు. వంటింట్లో పొయ్యి కట్టేసిన చప్పుడైంది. తర్వాత "మైత్రి డాడీ," అని వినిపించింది. "ఆఁ, వస్తున్న," అని అతను లేచాడు.

పోయిన సంవత్సరాల గురించి ఉద్యోగికి చెప్పకూడదని నిషేధమేమీ లేదు. చెబితే తెలుస్తుంది, గుర్తు మాత్రం రాదు. స్వరూప ఒకసారి చెప్పి చూసింది. గోడ మీది ఫోటో చూపించి, పేరు చెప్పి, పుట్టిన రోజు, పోయిన రోజు చెప్పింది. భిక్షపతి చదువుకున్నవాడు, విషయం అర్థమైంది. "అయ్యో పాపం. మూడున్నరేండ్లేనా?" అన్నాడు. నిజంగానే జాలిపడ్డాడు, ఊరివాళ్ల పిల్లవాడి గురించి విన్నప్పుడు ఎవరైనా పడేటంత. ఆమె ఇంకోసారి చెప్పలేదు. నందు పుట్టినరోజున ఆమె భక్ష్యాలు చేస్తే అతను నాలుగు తిని, బాగున్నాయన్నాడు.

పోర్టల్ ఫెర్నిక్స్‌లో సగం దాకా తయారైంది. ఆరో నెలలో క్విల్టా అనే కొత్త ఫ్రేమ్‌వర్కు వచ్చింది, డిపోల్లో కంప్యూటర్లు కూడా మార్చారు. సంఘం మళ్లీ కూర్చుని, మళ్లీ ఏడేసి మార్కులు వేసి, ఫెర్నిక్స్‌కు కాలం చెల్లిందని తేల్చింది. ఈసారి నోటీసులు పదకొండు మందికి వచ్చాయి. భిక్షపతి కాగితంలో ఒకే మాట ఉంది. "ఫెర్నిక్స్: రికార్డు ప్రకారం అనుభవం లేదు. స్వాధీనం చేయవలసిన కాలం: శూన్యం." జాతకం మంచిదని అందరూ అతని భుజం తట్టారు. అతనికీ అలాగే అనిపించింది.

క్విల్టాలోకి మార్చేముందు పాత సమాచారం శుభ్రం చేసే పని అతనికి అప్పగించారు. పరీక్ష కోసం రాసిన ఉత్తుత్తి రికార్డులు, ఎవరూ తమదని చెప్పని రికార్డులు తీసేయాలి. మొదటి నంబరు రికార్డు ఒక బూటు. ఎడమకాలిది, నీలం రంగు, పక్కన ఏనుగు బొమ్మ. పోగొట్టుకున్నవారి పేరు చోట తన పేరే ఉంది. పరీక్ష రాసేవాళ్లు తమ పేర్లే కొట్టుకోవడం మామూలే. వివరాలు మాత్రం ఎవరో ఓపిగ్గా రాశారనిపించింది. జనగామ బస్సని కూడా రాశారు, తమ ఊరి బస్సే. అతను ఆ రికార్డు మీద కాసేపు ఆగాడు. కుడికాలి బూటు ఎవరింట్లో ఉందో, పాపం వాళ్లింకా దాచుకున్నారో లేదో అనుకున్నాడు. అది తన ఇంట్లోనే, కుట్టుమిషను సొరుగులో, దారపుండల కింద ఉందని అతనికి తెలియదు. తీసేయమంటారా అని కంప్యూటరు అడిగింది. తీసేయమన్నాడు.

మర్నాడు తొమ్మిదిన్నరకు అందరూ నిలబడ్డారు. మేడం భిక్షపతి దగ్గరికొచ్చింది.

"నిన్న ఏం చేశారు?"

"యజమాని లేని రికార్డులు తీసేసిన మేడం."

"ఈరోజు?"

"క్విల్టా నేర్చుకుంట."

"అడ్డంకులేమైనా ఉన్నాయా?"

భిక్షపతి ఒక్క క్షణం ఆలోచించాడు. వెతికి చూస్తే నిజంగానే ఏమీ కనిపించలేదు.

"ఏం లేవు మేడం," అన్నాడు.